బౌంటీ సినిమాలో బ్లై నిజంగా అంత దుర్మార్గుడా?

పాతసినిమా_పిచ్చోడు
మొన్న ఆదివారం నాన్నని కూర్చోబెట్టి 1935 నాటి మ్యూటినీ ఆన్ ది బౌంటీ చూపించాను. బౌంటీ అనే ఇంగ్లీషు నేవీ ఓడలో నిజంగా జరిగిన తిరుగుబాటు కథ అది. ఆయనకి ఇంగ్లీషు సగమే అందుతుంది. అయినా చార్లెస్ లాటన్ తెర మీదకి వచ్చినప్పుడల్లా "వీడికి పోయేకాలం దగ్గరపడింది" అంటూనే ఉన్నారు. క్లార్క్ గేబుల్ తిరగబడి కెప్టెన్ బ్లైని పడవలోకి దింపేసినప్పుడు ఆయన కొట్టిన చప్పట్లకి వంటింట్లోంచి అమ్మ వచ్చి చూసింది. అక్కడిదాకా బాగానే ఉంది.

రాత్రి నిద్రపట్టక అసలు కథ చదవడం మొదలుపెట్టాను. మొదట్లో చచ్చిపోయినవాడిని కూడా వదలకుండా కొరడాతో కొట్టిస్తాడు చూడండి, అది జరగనే లేదట. తాడు కట్టి ఓడ అడుగు నుంచి ఈడ్పించి చంపే సీను కూడా కల్పితమే. తిరుగుబాటుదార్లని వెతుక్కుంటూ పండోరా ఓడలో బ్లై స్వయంగా వెళ్లినట్టు చూపించారు, నిజంగా వెళ్లింది ఎడ్వర్డ్స్ అనే వేరే కెప్టెన్. ఇవన్నీ తీసేస్తే బ్లై చేసిన పాపం ఏం మిగిలింది? నాన్నకి చెబితే "సినిమా చూడమంటే కోర్టు పెడతావేంట్రా" అన్నారు.

బౌంటీ మీద వచ్చిన మూడు పెద్ద సినిమాల్లో ఏది నిజానికి దగ్గర? బ్లై అంత విలన్ కాకపోతే వాళ్లెందుకు తిరగబడ్డట్టు?

బెజవాడ_బుల్లోడు
మీ నాన్నగారి మాటే నా మాట. విలన్ లేకపోతే గేబుల్‌కి అక్కడ పనేముంది?

లెక్కలమాస్టారు
ముందు వయసులు చూడండి. తిరుగుబాటు 1789 ఏప్రిల్ 28న, టోంగా దీవుల దగ్గర. ఆ రోజుకి బ్లై వయసు 34, తిరుగుబాటు నడిపిన ఫ్లెచర్ క్రిస్టియన్ (గేబుల్ వేసిన పాత్ర) వయసు 24. సినిమాల్లో బ్లై ఎప్పుడూ ముసలి పులిలా ఉంటాడు. 1962 దాంట్లో ట్రెవర్ హోవార్డ్ అయితే యాభైకి దగ్గర్లో ఉన్నాడు. అసలు బ్లైకి అప్పటికి కెప్టెన్ హోదా కూడా లేదు, లెఫ్టినెంటే. అంటే పెద్దాయనకీ కుర్రాడికీ మధ్య గొడవ కాదిది. అంతకు ముందు కూడా కలిసి ప్రయాణాలు చేసిన ఇద్దరు కుర్రాళ్లు, ఒకరు బాసు, ఒకరు బాసు చేరదీసినవాడు. దారిలో క్రిస్టియన్‌కి పైస్థానం ఇప్పించింది బ్లైయే.

ఇక కొరడా సంగతి. అదే సముద్రంలో తిరిగిన కెప్టెన్ కుక్ ఓడల్లో, తర్వాత కెప్టెన్ వాంకోవర్ ఓడలో పడ్డ దెబ్బలతో పోలిస్తే బౌంటీలో తక్కువే. వాళ్లు మజిలీ చేసిన పసిఫిక్ దీవి తాహితీలో ముగ్గురు పడవ తీసుకుని పారిపోయి దొరికిపోయారు. ఆ రోజుల్లో దానికి ఉరి వెయ్యొచ్చు. కొరడా దెబ్బలతో సరిపెట్టాడు.

పాతసినిమా_పిచ్చోడు
మరి కారణం ఏంటి మాస్టారూ?

లెక్కలమాస్టారు
కొబ్బరికాయలు.

టీమ్‌లీడ్_బాధితుడు
😂 మాస్టారు జోకేశారు అనుకుంటా

లెక్కలమాస్టారు
జోకు కాదు నాయనా. తిరుగుబాటుకి ముందు రోజు, ఏప్రిల్ 27. దీవుల్లో కొన్న కొబ్బరికాయలు డెక్కు మీద ఫిరంగుల మధ్య కుప్ప పోసి ఉన్నాయి. తన కుప్ప తగ్గిందని బ్లైకి అనుమానం వచ్చింది. ఆఫీసర్లందర్నీ వరసగా నిలబెట్టి "నువ్వెన్ని కొన్నావు, ఎన్ని తిన్నావు" అని ఒక్కొక్కర్నీ నిలదీశాడు. క్రిస్టియన్ వంతు వచ్చింది. మీ కాయలు దొంగిలించేంత నీచుణ్ణనుకుంటున్నారా అని ఆయన అంటే, అవును నువ్వే దొంగవి అని అందరి ముందూ తిట్టాడు. ఓడలో ఉన్న మోరిసన్ అనే అతను ఇదంతా రాసిపెట్టాడు. ఆ సాయంత్రం క్రిస్టియన్ ఏడ్చాడని వడ్రంగి చెప్పాడు. రాత్రి చెక్కలు కట్టుకుని ఒంటరిగా దీవికి పారిపోదామని చూశాడు. తెల్లారేసరికి కత్తి పట్టాడు.

డెక్కుమీద_నేను
ఇరవై ఏళ్లుగా మర్చంట్ నేవీలో ఉన్నాను. కొబ్బరికాయల దగ్గర నాకు నవ్వు రాలేదు.

ఇంటి దగ్గర గుడ్డు లేకపోతే ఆమ్లెట్ మానేస్తాం. నడి సముద్రంలో ఇరవై ఇద్దరు మనుషులు, ఫ్రిజ్‌లో ఎన్ని గుడ్లున్నాయో అందరికీ తెలుసు. ఒకసారి మా ఓడ లంగరు వేసి పోర్టులోకి పిలుపు కోసం ఐదు వారాలు నిలబడింది. కూరగాయలు అయిపోయాయి. ఎవరో మామిడిపళ్ల పెట్టెలోంచి నాలుగు తీశారని మా కెప్టెన్ మెస్‌లో అందరి ముందూ చీఫ్ కుక్‌ని దొంగ అన్నాడు. కుక్ మాట్లాడలేదు. మర్నాటి నుంచి పప్పులో ఉప్పు ఉంటే పులుపు లేదు, పులుపు ఉంటే ఉప్పు లేదు. వారం గడిచేసరికి ఇంజన్ రూమ్ వాళ్లు డెక్కు వాళ్లతో మాట్లాడటం మానేశారు. నాలుగు మామిడిపళ్లు! పోర్టులో దిగేదాకా నాకు కడుపులో టెన్షనే.

ఇంకో విషయం సినిమాలు సరిగ్గా చూపించవు. బౌంటీ చిన్న ఓడ, 215 టన్నులు, దాదాపు 90 అడుగులు. ఎక్కింది 46 మంది. కెప్టెన్‌కి అండగా ఉండే సాయుధ మెరైన్లు ఒక్కరూ లేరు. పైగా సరుకుల లెక్క చూసే పర్సర్ పని కూడా బ్లైదే. సరుకు మిగిలితే లాభం పర్సర్ జేబులోకే వెళ్లే రోజులవి. రొట్టె బదులు గుమ్మడికాయ ఇచ్చాడని ఒక గొడవ, జున్ను పోయిందని ఒక గొడవ. పెట్టేవాడే లెక్కరాసేవాడైతే ఏ సిబ్బందీ నమ్మరు.

బెజవాడ_బుల్లోడు
గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే సామెత మనదే అనుకున్నా. వీళ్లు ఓడలో షూటింగ్ పెట్టేశారు.

టీమ్‌లీడ్_బాధితుడు
డెక్కుమీద గారూ, మీ మామిడిపళ్ల కథ చదివాక మా టీమ్‌లీడ్ గుర్తొచ్చాడు. స్టాండప్ కాల్‌లో పన్నెండు మంది ముందు నన్ను "నీకు బ్రెయిన్ ఉందా" అన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి "ఏంట్రా, బిర్యానీకి వస్తావా" అంటాడు. వాడి మనసులో ఏమీ ఉండదు, నిజం. నా మనసులోనే ఉంటుంది. రాజీనామా డ్రాఫ్టు ఆరు నెలలుగా మెయిల్‌లోనే పడి ఉంది.

లెక్కలమాస్టారు
మీరు తెలియకుండానే బ్లైని పట్టేశారు. కొబ్బరికాయల తిట్లు తిట్టిన రోజు సాయంత్రమే బ్లై క్రిస్టియన్‌కి కబురు పెట్టాడు, రాత్రి భోజనానికి నాతో కూర్చో అని. క్రిస్టియన్ ఒంట్లో బాగోలేదని వెళ్లలేదు. బ్లైకి కోపం తాటాకు మంట. వెలిగీ వెలగగానే ఆరిపోతుంది, తన వరకు పని అయిపోయినట్టే. కాలినవాడి సంగతి గుర్తుండదు. అందుకే పడవలోకి దింపేస్తుంటే ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. తాహితీ ఆడవాళ్ల మీద మోజుతో ఇలా చేశారని రాసుకున్నాడు, చచ్చేదాకా అదే నమ్మాడు.

పాతసినిమా_పిచ్చోడు
తాటాకు మంట అంటే అచ్చం మా నాన్నే. పొద్దున తిట్టి సాయంత్రం మిర్చిబజ్జీ తెచ్చే రకం.

కొచ్చి_తెలుగోడు
అసలు వాళ్లు వెళ్లిన పని ఎవరూ చెప్పట్లేదు. బ్రెడ్‌ఫ్రూట్ మొక్కలు! మనం సీమపనస అంటాం. ఇక్కడ కేరళలో కడచక్క, శీమచక్క అని రెండు పేర్లు. మేం అద్దెకుండే ఇంటి వెనకాలే చెట్టుంది. ఓనరమ్మ పచ్చికాయ చెక్కు తీసి కొబ్బరి మసాలా వేసి కూర చేస్తారు. ముక్క బంగాళాదుంపకి పనసకి మధ్యలో ఉంటుంది. కోసినప్పుడు కారే జిగురు చేతికంటితే సబ్బుకి వదలదు, కొబ్బరినూనె రాసుకోవాలి.

చెట్టు చూశాకే నాకు బౌంటీ కథ అర్థమైంది. ఈ రకానికి గింజ ఉండదు. వేరు నుంచి వచ్చే పిలకే నాటాలి. అందుకే మొక్కల్నే మోసుకెళ్లాలి. ఓడలో కెప్టెన్‌కి ఉండాల్సిన పెద్ద గది మొత్తం నర్సరీ చేసేశారు, బ్లై ఇరుకు గదిలో సర్దుకున్నాడు. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దగ్గర గాలివానలతో దాదాపు నెల కొట్టుకుని, దారి మార్చుకుని, 1788 అక్టోబర్ చివరికి తాహితీ చేరారు. పిలకలు నాటి, కుండీల్లో వేళ్లు పట్టించి, బయలుదేరేసరికి ఐదు నెలలు దాటింది. 1,015 మొక్కలు. వాటికి మంచినీళ్లు పొయ్యాలి, ఆకుల మీద ఉప్పు పడితే కడగాలి.

తిరుగుబాటు అవగానే వాళ్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ మొక్కలన్నీ సముద్రంలోకి విసిరెయ్యడం. తోటపనికి ఇద్దరు మనుషులు వెళ్లారు. ఒకడు, నెల్సన్, బ్లై వెంట పడవలో వెళ్లి తిమోర్ చేరాక జ్వరంతో పోయాడు. రెండోవాడు, బ్రౌన్, క్రిస్టియన్ వెంట వెళ్లి, తిరుగుబాటుదార్లు దాక్కున్న పిట్‌కెర్న్ దీవిలో హత్యకి గురయ్యాడు. నాకు వాళ్లిద్దరి మీద సినిమా తీస్తే చూడాలనుంది.

శ్రావణి_చదువరి
ఆ మొక్కలు ఎవరి కోసమో కూడా రాయండి కొచ్చి గారూ. వెస్టిండీస్ చెరకు తోటల్లో బానిసలకి చవగ్గా తిండి పెట్టడానికి. అమెరికా స్వతంత్రం వచ్చాక అక్కణ్ణుంచి తిండి సరుకు రావడం తగ్గి తోటల్లో ఆకలి చావులు మొదలయ్యాయి, యజమానులు లండన్‌లో మొరపెట్టుకున్నారు. బ్లై మంచోడా చెడ్డోడా అని ఇంత చర్చ జరుగుతోంది, ఆ ఓడ వెళ్లిన పనే దుర్మార్గం కదా? బ్లై మళ్లీ ప్రావిడెన్స్ అనే ఓడలో వెళ్లి 1793లో మొక్కలు సెయింట్ విన్సెంట్‌కీ జమైకాకీ చేర్చాడు. అంత కష్టపడి తెస్తే అక్కడి వాళ్లకి మొదట్లో ఆ రుచే నచ్చలేదు.

బెజవాడ_బుల్లోడు
అంటే ఇద్దరూ విలన్లే అంటారా?

శ్రావణి_చదువరి
క్రిస్టియన్ హీరో అని గేబుల్ చెబితే నమ్ముతాం, 1962 సినిమాలో బ్రాండో చెబితే నమ్ముతాం. పిట్‌కెర్న్‌కి ఆయన వెంట వెళ్లిన ఆడవాళ్లని ఎవరైనా అడిగారా? తాహితీలో ఓడ మీదకి వచ్చిన వాళ్లు ఇంకా దిగకముందే రాత్రికి రాత్రి తాడు కోసి లంగరు వదిలేశారు. ఒకామె నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది. వయసు మళ్లిన కొందరిని దారిలో దింపేశారు. ఇదంతా మనకి తెలిసింది ఆ ఆడవాళ్లలో ఒకామె చాలా ఏళ్ల తర్వాత దీవి వదిలి తాహితీ తిరిగొచ్చి చెప్పబట్టే. ఆమె మాటలు సిడ్నీ పత్రికలో అచ్చయ్యాయి.

పిట్‌కెర్న్‌లో భూమిని తొమ్మిది మంది ఇంగ్లీషు వాళ్లే పంచుకున్నారు. వెంట వచ్చిన ఆరుగురు పాలినేషియన్ మగవాళ్లకి సెంటు కూడా ఇవ్వలేదు, పాలేర్లలా వాడుకున్నారు. ఒక ఇంగ్లీషతని భార్య పక్షి గుడ్ల కోసం కొండెక్కి జారిపడి చనిపోతే, అతను ఆ ఆరుగురిలో ఒకతని భార్యని లాక్కున్నాడు. 1793లో నరుక్కున్నారు. క్రిస్టియన్ పోయింది అప్పుడే. బ్రాండో సినిమాలో మాత్రం తగలబడుతున్న ఓడలో కాలిపోయి త్యాగమూర్తిలా చనిపోతాడు. 1808లో ఒక అమెరికా ఓడ అనుకోకుండా ఆ దీవికి వెళ్తే, వచ్చిన మగవాళ్లలో మిగిలింది ఆడమ్స్ ఒక్కడు. చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు.

కెప్టెన్ అవమానించాడని తిరగబడినవాళ్లు దీవిలో ఇంకొకళ్లకి చేసింది అదే.

డెక్కుమీద_నేను
ఒప్పుకుంటాను. కానీ ఒకచోట బ్లైకి దండం పెట్టాలండీ. ఆ పడవ. 23 అడుగుల పొడవు, 19 మంది. అంచు మీద చెయ్యి వేస్తే నీళ్లు తగులుతాయి. మ్యాపు ఇవ్వలేదు. తోఫువా దీవిలో దిగితే అక్కడివాళ్లు రాళ్లతో తరిమారు, ఒకతను చచ్చిపోయాడు. అక్కడి నుంచి తిమోర్‌లోని కుపాంగ్ దాకా ఎక్కడా మనుషుల జోలికి పోకుండా సాగాడు. మొత్తం 3,600 నాటికల్ మైళ్లు పైనే. తోఫువా తర్వాత దారిలో ఒక్కడూ చావలేదు.

తిండి ఎలా పంచాడో చూడండి. రెండు కొబ్బరి చిప్పలతో తక్కెడ కట్టాడు. తూకం రాయి పిస్తోలు గుండు. అలాంటివి 25 వేస్తే ఒక పౌను. ఒక్కో పూటకి మనిషికి ఒక గుండెత్తు రొట్టె, పావు పైంటు నీళ్లు. ఎప్పుడైనా పిట్ట దొరికితే మనిషికో ముక్క చొప్పున కోసి, ఒకడిని అటు తిరిగి నిలబడమనేవాళ్లు. ఇంకొకడు ముక్క మీద వేలు పెట్టి "ఇది ఎవరికి" అనేవాడు. అటు తిరిగినవాడు పేరు చెప్పేవాడు. గొడవ లేదు.

టీమ్‌లీడ్_బాధితుడు
మేం ముగ్గురు అన్నదమ్ములం జున్ను ముక్కలు ఇలాగే పంచుకునేవాళ్లం! మా అమ్మమ్మ నేర్పింది. అటు తిరిగినవాడు కిటికీ అద్దంలో చూసి చెబుతున్నాడని తర్వాత తెలిసింది.

శ్రావణి_చదువరి
ఓడ మీద కొబ్బరికాయలు లెక్కపెట్టి పదవి పోగొట్టుకున్నవాడు పడవలో కొబ్బరి చిప్పతో లెక్కపెట్టి అందర్నీ బతికించాడు. ఇది నాకు తెలీదు. ఆ ఒక్క విషయంలో తగ్గుతున్నా. మిగతా దాంట్లో తగ్గను.

విశాఖ_అలలు
తిండి దగ్గర మొదలయ్యే తిరుగుబాట్లు చాలానే ఉన్నాయి. 1905లో రష్యా పొటెమ్‌కిన్ యుద్ధనౌకలో పురుగులు పట్టిన మాంసం. మన దగ్గర 1946 ఫిబ్రవరి 18, బొంబాయిలో తల్వార్ నౌకాదళ సిగ్నల్ స్కూల్. తిండి బాగోలేదని కుర్రాళ్లు పళ్లేలు పక్కన పెట్టారు. అది కరాచీ, మద్రాసు, మా విశాఖ దాకా పాకింది. అక్కడ కూడా అన్నంతో పాటు తెల్ల ఆఫీసర్ల బూతులు. మా వాళ్లలో చాలామంది ఆ తిట్లనే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా.

బెజవాడ_బుల్లోడు
టాపిక్ బొంబాయి చేరింది. సినిమాల సంగతి ఎవరైనా చెప్పండయ్యా. పాపం అడిగినాయన వెయిటింగ్.

రీలు_డబ్బా
నేను చెబుతా.

1935: ఫ్రాంక్ లాయిడ్ తీశాడు. నటన పిచ్చి ఉంటే ఇదే చూడాలి. లాటన్, గేబుల్, ఫ్రాంచో టోన్ ముగ్గురూ ఉత్తమ నటుడి ఆస్కార్‌కి పోటీపడ్డారు, ముగ్గురికీ రాలేదు. ఆ మరుసటి ఏడాది నుంచే సహాయ నటుల అవార్డు పెట్టారు. సినిమాకి మాత్రం ఉత్తమ చిత్రం వచ్చింది, ఆ ఒక్కటే. ఇంకే అవార్డూ లేకుండా ఉత్తమ చిత్రం గెలిచిన సినిమా మళ్లీ రాలేదు. గేబుల్ మీసం తీసేశాడు, అప్పటి ఇంగ్లీషు నేవీలో మీసాలు లేవని. నాకైతే మీసం లేని గేబుల్ గోడకి సున్నం వేసినట్టు ఉంటాడు.

1962: బ్రాండో. మూడు గంటలు. మొదలుపెట్టిన డైరెక్టర్ కేరల్ రీడ్ మధ్యలో వెళ్లిపోయి లూయిస్ మైల్‌స్టోన్ వచ్చాడు. ఖర్చు తడిసి మోపెడైంది. ఏడు ఆస్కార్ నామినేషన్లు, చేతికొచ్చింది సున్నా. కానీ తాహితీ సముద్రం ఆ వెడల్పు తెర మీద చూస్తే, అబ్బ. బ్రాండో అక్కడే తనతో నటించిన తరితాని పెళ్లాడి, దగ్గర్లో ఒక దీవి తీసుకున్నాడు.

1984: మెల్ గిబ్సన్ క్రిస్టియన్, ఆంథనీ హాప్కిన్స్ బ్లై. నిజానికి దగ్గరగా ఉన్నది ఇదే. బ్లై కోపిష్టి, కానీ మనిషి. తిరుగు ప్రయాణంలో మళ్లీ కేప్ హార్న్ వైపు వెళ్దామని పట్టుబట్టడం మాత్రం కల్పితం. వాంజెలిస్ సంగీతం కొందరికి పడదు, నాకు పడుతుంది.

డెక్కుమీద_నేను
1962 సినిమా కోసం కెనడాలో నిజంగా తేలే ఓడ కట్టారు. ఆ ఓడే 2012 అక్టోబర్‌లో శాండీ తుపానులో మునిగిపోయింది. కెప్టెన్, ఇంకొకరు పోయారు, 14 మందిని హెలికాప్టర్లు తీశాయి. తుపాను వస్తోందని తెలిసీ బయలుదేరారు. ఆ వార్త వచ్చిన రోజు మా బ్రిడ్జి మీద ఎవరం మాట్లాడుకోలేదు.

సిడ్నీ_సుబ్బు
ఆలస్యంగా వచ్చా. బ్లై కథ బౌంటీతో అయిపోలేదు. 1806లో ఇక్కడ ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌కి గవర్నర్‌గా వచ్చాడు. సారా వ్యాపారం చేసుకుంటున్న సైనికాధికార్ల మీద విరుచుకుపడ్డాడు. 1808 జనవరి 26న సైన్యమే వచ్చి ఆయన్ని పదవి నుంచి దింపేసింది. మంచి పనికే వెళ్లాడు, కానీ ఆ నోరు! రాక్స్ ప్రాంతంలో ఆయన విగ్రహం ఉంది. ఆదివారం సంతకి వెళ్లినప్పుడల్లా మా పిల్లలు దాని పక్కన ఐస్‌క్రీమ్ తింటారు.

టీమ్‌లీడ్_బాధితుడు
ఒకసారి దింపేస్తే ఓడ తప్పు. రెండోసారి దింపేస్తే?

లెక్కలమాస్టారు
మధ్యలో 1797లో కూడా ఒకటుంది. ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ముఖద్వారం నోర్ దగ్గరున్న నౌకాదళం తిరగబడినప్పుడు ఆయన ఓడ సిబ్బందీ ఆయన్ని ఒడ్డున దింపారు. అది ఆయన తప్పు కాదు, చాలామంది కెప్టెన్లకి అదే గతి పట్టింది. కానీ లెక్కకి మూడు.

ఇక విలన్ ముద్ర ఎలా పడిందంటే, 1792లో పట్టుబడిన పదిమందికి విచారణ జరిగినప్పుడు బ్లై ఊళ్లో లేడు, మొక్కలు మోస్తున్నాడు. ముగ్గురికి ఉరి పడింది. క్రిస్టియన్ అన్న ఎడ్వర్డ్ కేంబ్రిడ్జ్‌లో లా ప్రొఫెసర్. బతికొచ్చిన వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడి, తమ్ముడి పక్షం అచ్చు వేయించాడు. ఇప్పుడు మనం చూసే బ్లై అక్కడ పుట్టాడు. కొబ్బరికాయల రాత్రి భోజనం కబురు కూడా ఆ వైపు నుంచి వచ్చిందే, అది గుర్తుపెట్టుకునే చదవండి.

బెజవాడ_బుల్లోడు
పదిహేడు వందల తొంభైల్లోనే పీఆర్ టీమ్. మనవాళ్లు ఇప్పుడు నేర్చుకుంటున్నారు.

పాతసినిమా_పిచ్చోడు
అందరికీ థాంక్స్. రీలు డబ్బా గారి మాట విని నిన్న రాత్రి 1984 దాన్ని నాన్నకి చూపించాను. ఈసారి చప్పట్లు లేవు. పడవ సీన్లలో నోరెత్తలేదు. మధ్యలో ఆపి కొబ్బరికాయల సంగతి, సాయంత్రం భోజనానికి పిలిచిన సంగతి, క్రిస్టియన్ వెళ్లకపోవడం అన్నీ చెప్పాను. కాసేపు ఊరుకుని "పిలిచాడుగా, వెళ్లుండాల్సింది" అన్నారు. అమ్మ వెంటనే "ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది. ఇద్దరికీ ఇంకా నడుస్తోంది.

టీమ్‌లీడ్_బాధితుడు
నేను అమ్మగారి పార్టీ.

బెజవాడ_బుల్లోడు
వెళ్లినా ఏం పెడతాడు, కొబ్బరి పచ్చడి పెట్టి ముక్కలు లెక్కపెడతాడు.